మూసిన ఏసీ గదిలో లెట్యూస్‌కి సీఓ2 ఇవ్వాలంటే: ఎన్ని గ్రాములు, ఏ సెన్సార్, సిలిండర్ ఎక్కడ?

ఆకుకూర_మేడ్చల్

అందరికీ నమస్కారం. గది 12 × 10 అడుగులు, ఎత్తు 9. నాలుగు అరల ర్యాకులు మూడు, మొత్తం 12 చదరపు మీటర్ల మేర ఆకు. లెట్యూస్, కొంత బేసిల్. ఆకు మీద వెలుతురు 250 పీపీఎఫ్‌డీ (మొక్కలు వాడుకునే వెలుతురు కొలత), రోజుకి 16 గంటలు. 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ, 23 డిగ్రీలు. ఈసీ (నీళ్ళలో పోషక లవణాల గాఢత) 1.4, పీహెచ్ 5.8 నుంచి 6 మధ్య. వేర్లు తెల్లగా ఉన్నాయి.

మొక్కలు కాస్త కమ్ముకున్నాక పెరుగుదల మందగిస్తోంది. సీఓ2 మీటర్ పెడితే తెల్లవారుజామున 600 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి 600) చూపిస్తోంది, లైట్లు వెలిగిన గంటన్నరకే 240కి దిగి అక్కడే ఉంటోంది. సిలిండర్ పెట్టాలా, ఈస్ట్ పంచదార సీసాలు సరిపోతాయా? ఎన్ని పీపీఎం దగ్గర ఉంచాలి?

రేణుక_వృక్షశాస్త్రం

240 అంటే మొక్కలు ఆకలితో ఉన్నట్టే. బయటి గాలిలో ఇప్పుడు 420 పైనే ఉంది. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఏసీ నడుస్తోందంటే గాలి మారుతోందనుకుంటారు.

మీ గది ఘనపరిమాణం 30.6 ఘనపు మీటర్లు. 420 పీపీఎం దగ్గర అందులో ఉన్న సీఓ2 మొత్తం సుమారు 23 గ్రాములు. కమ్ముకున్న లెట్యూస్ ఈ వెలుతురులో చదరపు మీటరుకి గంటకి 1.5 నుంచి 2 గ్రాములు తీసుకుంటుంది. అంటే మీ ర్యాకులన్నీ కలిపి గంటకి 20 గ్రాములు. గదిలో ఉన్నది గంటకి కొద్దిగా ఎక్కువ సేపటికే సరిపోతుంది, అంతే. 240 కంటే కిందికి పోకపోవడానికి కారణం లీకులు. ఆ సందుల్లోంచి వచ్చే బయటి గాలే మొక్కల్ని నిలబెడుతోంది.

సిలిండర్ మాట తర్వాత. బయటి గాలి లోపలికి తెస్తే ఎలా ఉంటుందో ముందు చూడండి. 350 దగ్గర నిలపాలంటే గంటకి 160 ఘనపు మీటర్లు కావాలి, అంటే దాదాపు 95 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). ఆరంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ చేయగలదు, జల్లెడ తప్పనిసరి, లేకపోతే పేనుబంక, తామరపురుగు లోపలికి వస్తాయి. డిసెంబర్, జనవరిలో హైదరాబాద్ చుట్టుపక్కల ఇదే అన్నిటికంటే చౌక. కానీ మేలో బయట 40 ఉంటే ఆ గాలిని 23కి దించడానికే ఏసీ మీద 0.8 కిలోవాట్ పైన చల్లదనం భారం పడుతుంది. జూలైలో తేమ భారం దానికి అదనం. మూసిన గదికి సీఓ2 ఇవ్వడం అర్థవంతమయ్యేది ఆ నెలల్లోనే.

గుంటూరు_హైడ్రో

250 పీపీఎఫ్‌డీకి సీఓ2 వృథా అండీ. ముందు వెలుతురు 500 చేయమనండి.

రేణుక_వృక్షశాస్త్రం

గుంటూరు గారూ, అందులో సగమే నిజం. వెలుతురు తక్కువున్నా సీఓ2 పెరిగితే కాంతిశ్వాస తగ్గుతుంది. రుబిస్కో ఎంజైమ్ ఆక్సిజన్‌ని పట్టుకుని వృథా చేసే పని తగ్గి, అదే వెలుతురుకి కొంచెం ఎక్కువ చక్కెర వస్తుంది. కాకపోతే ఆ లాభం త్వరగా ఆగిపోతుంది. 250 దగ్గర 800 పీపీఎం దాకా వచ్చేసరికి రావలసినదంతా దాదాపు వచ్చేస్తుంది, 1000 నుంచి 1200కి పెంచితే కనపడే తేడా ఉండదు. పైగా ఈయన ఇప్పుడున్నది 240లో. 240 నుంచి 420కి వచ్చే మెట్టే అన్నిటికంటే పెద్దది. లెట్యూస్‌కి వెలుతురు 500 ఇస్తే ఆకు అంచులు మాడే సమస్య కూడా తోడవుతుంది.

శీను_గ్యాస్‌వర్క్స్

ఈస్ట్ సీసాల సంగతి లెక్కలోనే తేలిపోతుంది. 1000 పీపీఎం అనుకుందాం. గది లీకేజీ గంటకి సగం గాలి మార్పిడి (గది ఘనపరిమాణంలో సగమంత గాలి మారడం) అయితే బయటికి పోయేది గంటకి 16 గ్రాములు, మొక్కలు తినేది 20. మొత్తం 36 గ్రాములు, 16 గంటలకి సుమారు 575. కిలో పంచదార పూర్తిగా పులిస్తే వచ్చేది 515 గ్రాముల సీఓ2. అంటే రోజుకి కిలోకి పైగా పంచదార, అదీ మొదట ఉధృతంగా, తర్వాత చప్పగా, రాత్రి కూడా ఆగకుండా. వంటసోడా, వెనిగర్ అయితే రోజుకి 1.1 కిలోల సోడా, 5 శాతం వెనిగర్ 15 లీటర్ల పైన. అక్వేరియం తొట్టికి సీసాలు సరే, ఇంత గదికి కాదు.

30 కిలోల సిలిండర్ అదే లెక్కన 50 రోజుల దాకా వస్తుంది. లీకేజీ గంటకి మూడు మార్పిళ్ళైతే 16 రోజులకే ఖాళీ. ఏది కొనేముందైనా గది లీకేజీ కొలవండి.

ఆకుకూర_మేడ్చల్

శీను అన్నా, సిలిండర్ లేకుండా లీకేజీ ఎలా కొలవడం?

రేణుక_వృక్షశాస్త్రం

మనుషులతోనే. లైట్లు ఆర్పి ముగ్గురు లోపల గంటసేపు కూర్చుంటే 1400 దాకా చేరుతుంది, కూర్చున్న మనిషి గంటకి 18 లీటర్ల వరకు సీఓ2 వదులుతాడు. తర్వాత అందరూ బయటికొచ్చి తలుపు మూసి, మీటర్ రీడింగ్ రాసుకోండి. గంట తర్వాత మళ్ళీ రాయండి. రెండింటిలోంచీ 420 తీసేసి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించి, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో సహజ లాగరిథమ్ నొక్కండి. అదే గంటకి గాలి మార్పిడి. చీకట్లో మొక్కలు కూడా కొంత సీఓ2 వదులుతాయి కాబట్టి అసలు లీకేజీ వచ్చిన సంఖ్య కంటే కొద్దిగా ఎక్కువే ఉంటుంది. సర్క్యులేషన్ ఫ్యాన్లు నడుస్తూ ఉండాలి, ఏసీ కూడా.

ఆకుకూర_మేడ్చల్

చేశాం. 1420 నుంచి గంటలో 720కి పడింది.

రేణుక_వృక్షశాస్త్రం

1000ని 300తో భాగిస్తే 3.33, దాని లాగరిథమ్ 1.2. ఈ లీకేజీతో 1000 పీపీఎం నిలిపితే గంటకి 38 గ్రాములు గోడలు దాటిపోతాయి, మొక్కలు తినేదానికి దాదాపు రెట్టింపు. ముందు సందులు మూయండి.

శీను_గ్యాస్‌వర్క్స్

చూడాల్సిన చోట్లు: ఏసీ రాగి గొట్టాలు గోడలోంచి వెళ్ళే రంధ్రం (పైన పుట్టీ ఉన్నా లోపల ఖాళీగా ఉంటుంది), ఏసీ నీళ్ళ గొట్టం, తలుపు కింద సందు, స్విచ్ బోర్డు వెనక కాండ్యూట్, ఫాల్స్ సీలింగ్ అంచులు. నీళ్ళ గొట్టానికి యూ ఆకారపు వంపు ఇచ్చి అందులో నీళ్ళు నిలిచేలా చూడండి. తలుపుకి మూడు పక్కలా ఫోమ్ టేప్, కింద రబ్బరు స్ట్రిప్. రాగి గొట్టాల రంధ్రంలో ఫోమ్ నింపి పైన సిలికాన్ సీలెంట్. అగరబత్తి పొగ పెట్టి చూస్తే ఎటు లాగుతోందో కనిపిస్తుంది.

ఆకుకూర_మేడ్చల్

అవన్నీ మూశాక 1420 నుంచి 1030. లెక్కేస్తే 0.5 వచ్చింది.

వరంగల్_టెర్రస్

సిలిండర్ ఎందుకు, వంటగ్యాస్ బర్నర్ పెడితే పోదా? నెదర్లాండ్స్‌లో గ్రీన్‌హౌస్‌ల వాళ్ళు గ్యాస్ కాల్చే ఇస్తారు కదా. వేడి ఎక్కువౌతుందని మాత్రం విన్నాను.

శీను_గ్యాస్‌వర్క్స్

ఇంత గదికి వేడి అసలు సమస్యే కాదు. కిలో ఎల్‌పీజీ కాలితే 3 కిలోల సీఓ2, 1.6 కిలోల నీటి ఆవిరి వస్తాయి. గంటకి 36 గ్రాముల సీఓ2కి 12 గ్రాముల గ్యాస్ చాలు, ఆ వేడి 160 వాట్లు లోపే. చిక్కు ఇంకోచోట ఉంది. మామూలు పొయ్యి బర్నర్ గంటకి 150 గ్రాములు కాలుస్తుంది, నాలుగు నిమిషాలకే గది 1000 దాటుతుంది. మాటిమాటికీ వెలిగించి ఆర్పాలి, వెలిగిన ప్రతిసారీ కొంత గ్యాస్ సరిగ్గా కాలదు. అప్పుడు వచ్చేవి కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్. మూసిన గదిలో మోనాక్సైడ్ మనిషి ప్రాణం తీస్తుంది. ఇథిలీన్ వందకోట్ల భాగాల్లో కొన్ని పదుల భాగాలున్నా ఆకులు కిందికి వంగుతాయి, టమాటా, మిర్చి పూత రాలిపోతుంది. ఇంటి సిలిండర్‌ని వంటకి తప్ప వాడటం చట్టవిరుద్ధం కూడా.

నాల్డ్‌వైక్_నుంచి

ఇక్కడ నెదర్లాండ్స్‌లో సంగతి వేరు. సహజవాయువు ఇంజిన్లు కరెంటు, వేడి, సీఓ2 మూడూ ఇస్తాయి. పొగని ఉత్ప్రేరకంతో శుభ్రం చేసి, మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్‌లు, ఇథిలీన్ కొలుస్తూనే లోపలికి పంపుతారు, హద్దు దాటితే తనంతట తనే ఆగిపోతుంది. వెస్ట్‌లాండ్‌లో చాలా గ్రీన్‌హౌస్‌లకి రోటర్‌డామ్ వైపు పరిశ్రమల నుంచి ఓకాప్ అనే సంస్థ పైప్‌లైన్‌లో సీఓ2 నేరుగా వస్తుంది. పొయ్యి బర్నర్‌ని దీనితో పోల్చకండి.

శీను_గ్యాస్‌వర్క్స్

ఇక అమరిక. సిలిండర్, సీఓ2 రెగ్యులేటర్, నార్మల్లీ క్లోజ్డ్ సోలనాయిడ్ వాల్వ్ (కరెంటు ఇస్తేనే తెరుచుకునేది), చిన్న రోటామీటర్ (గ్యాస్ ప్రవాహం చూపేది), 6 మిల్లీమీటర్ల పీయూ గొట్టం, కంట్రోలర్. వరస కూడా ఇదే. సోలనాయిడ్ రెగ్యులేటర్ తర్వాతే, అంటే తక్కువ ఒత్తిడి వైపు. రెగ్యులేటర్ బయటి ఒత్తిడి 2 బార్ చాలు.

మిగ్ వెల్డింగ్ దుకాణంలో దొరికే రెగ్యులేటర్ మీద ఫ్లోమీటర్ నిమిషానికి 25 లీటర్ల దాకా ఉంటుంది. అందులో 1 లీటరు సరిగ్గా పెట్టలేరు. విడిగా 0 నుంచి 3 లీటర్ల రోటామీటర్ తీసుకోండి. గాలికి గీతలు వేసినదైతే 1 చూపినప్పుడు నిజంగా పోయే సీఓ2 0.8 లీటర్లే. సరిచూసుకోవాలంటే సిలిండర్‌ని కాటా మీద పెట్టి, గొట్టం ఆరుబయట వదిలి గంట నడపండి, నిమిషానికి 1 లీటరైతే 108 గ్రాములు తగ్గాలి.

ఇక్కడ నా మాట ఒకటి గట్టిగా పట్టుకోండి: ప్రవాహం తక్కువ పెట్టండి. 420 నుంచి 1000కి గది నింపడానికి కావలసింది 32 గ్రాములు, 18 లీటర్లు. నిమిషానికి 1 లీటరుతో 18 నిమిషాల్లో నిండుతుంది. తర్వాత గంటకి 36 గ్రాములు కావాలి, 1 లీటరు ప్రవాహం 108 ఇస్తుంది, అంటే మూడింట ఒక వంతు సమయమే వాల్వ్ తెరుచుకుంటుంది. సోలనాయిడ్ ఎప్పుడైనా తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకోండి, ఈ లీకేజీతో గది 4300 దగ్గర ఆగుతుంది. అదే 5 లీటర్లు పెట్టి ఉంటే 20,000 చేరుతుంది. రోటామీటర్ పిడి అక్కడ తిప్పాక ఎవరూ కదపకుండా టేప్ వేయండి.

సిలిండర్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషర్, తర్వాత సబ్బు నీళ్ళ పరీక్ష. పడుకోబెట్టకూడదు, ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. లోపల గొట్టం ఉన్న సిలిండర్లు (మంటలార్పడానికి వాడేవి) కూడా ద్రవాన్నే వదులుతాయి, నింపించేటప్పుడు గ్యాస్ వచ్చే రకమే అడగండి.

ఆకుకూర_మేడ్చల్

రెగ్యులేటర్ మీద ఒత్తిడి ముల్లు చూసి సిలిండర్‌లో ఎంత మిగిలిందో చెప్పొచ్చా? సిలిండర్ మేడ మీద పెడదామనుకుంటున్నా.

శీను_గ్యాస్‌వర్క్స్

ముల్లు పరిమాణం చూపదు, ఉష్ణోగ్రత చూపుతుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 దగ్గర 72. 25 డిగ్రీల దగ్గర మూడో వంతు మిగిలేదాకా 64 దగ్గరే కదలకుండా ఉండి, లోపలి ద్రవం అయిపోయాక దిగడం మొదలవుతుంది. సిలిండర్ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, తూకమే నమ్మండి.

మేడ మీద ఎండలో వద్దే వద్దు. 31 డిగ్రీలు దాటితే సీఓ2 ద్రవంగా ఉండదు, నిండు సిలిండర్ ఇనుము 50 డిగ్రీలకి కాగితే ఒత్తిడి 100 బార్ బాగా దాటుతుంది. వాల్వ్‌లోని భద్రతా రేకు చిట్లితే మొత్తం ఒక్కసారిగా పోతుంది. ఉత్తరం వైపు నీడలో, గోడకి గొలుసుతో, గాలి ఆడే చోట.

విశాఖ_సేఫ్టీ

నీడ కోసమని గదిలోపల పెట్టేవాళ్ళున్నారు, అందుకే ఇది విడిగా రాస్తున్నా. 30 కిలోల సీఓ2 అంటే 16,000 లీటర్లకి పైగా వాయువు. మీ గది 30,600 లీటర్లు. సిలిండర్ మొత్తం లోపల లీకైతే గాలిలో సీఓ2 40 శాతం చేరుతుంది. 4 శాతమే తక్షణ ప్రాణాపాయ స్థాయి, 10 శాతం దగ్గర మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. వాసన లేదు, రంగు లేదు. కాబట్టి సిలిండర్ గది బయట, గోడలోంచి గొట్టం ఒక్కటే లోపలికి. సెల్లార్‌లోనూ, మెట్ల కింద గూట్లోనూ పెట్టవద్దు, గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి పల్లంలో చేరుతుంది.

మనుషులు ఎనిమిది గంటలు పనిచేసే చోట హద్దు 5000 పీపీఎం. అలారం కంట్రోలర్‌కి సంబంధం లేని విడి పరికరమై ఉండాలి, ఒకే సెన్సార్ పాడైతే రెండూ కలిసి మోసపోతాయి. సెన్సార్ మోకాలి ఎత్తులో, డిస్‌ప్లే తలుపు బయట. 5000 దాటితే సోలనాయిడ్ కరెంటు తెగి, ఎగ్జాస్ట్ మొదలవ్వాలి. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే వెంటనే లోపలికి పరిగెత్తవద్దు. తలుపు తెరిచి, సిలిండర్ వాల్వ్ కట్టేసి, ఎగ్జాస్ట్ వేసి, 108కి, 101కి ఫోన్ చేయండి. ఇలాంటి వాయువులతో కాపాడబోయి రెండో మనిషి కూడా పోయే ప్రమాదం ఉంది.

భాస్కర్_సర్క్యూట్

సెన్సార్ గురించి. ఎన్‌డీఐఆర్ రకం (పరారుణ కాంతితో సీఓ2ని నేరుగా కొలిచేది) తప్ప ఇంకేదీ వద్దు. ఎంక్యూ135, సీసీఎస్811 లాంటివి సీఓ2 కొలవవు, గాలిలోని ఇతర ఆవిర్లు చూసి సీఓ2 ఇంత ఉండొచ్చని ఊహిస్తాయి. బేసిల్ వాసనకే వాటి అంకె ఎగిరిపోతుంది.

ఎన్‌డీఐఆర్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. ఎంహెచ్-జెడ్19, సెన్స్‌ఎయిర్ ఎస్8, ఎస్‌సీడీ30 లాంటి వాటిలో తనంతట తాను సున్నా సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. కొంత కాలంలో చూసిన అతి తక్కువ రీడింగే బయటి గాలి, అంటే 400 అని అది అనుకుంటుంది. ఆఫీసు గదులకి అది బాగా పనిచేస్తుంది. మన గది పగలు 1000, రాత్రి మొక్కల శ్వాసతో పెద్దగా తగ్గదు, 400కి ఎప్పుడూ దిగదు. సెన్సార్ 900ని 400గా లెక్కేసుకుంటుంది, కంట్రోలర్ ఇంకా గ్యాస్ వదులుతుంది, అసలు స్థాయి వారం వారం పైకి జరుగుతుంది, తెర మీద మాత్రం నిబ్బరంగా 1000. గ్యాస్ త్వరగా అయిపోతోందంటే మొదట దీన్నే అనుమానించండి. మీకు ఇప్పుడు 240కి పడుతోంది కాబట్టి ఉల్టా తప్పు కూడా జరుగుతుంది, 240ని 400 అనుకుంటుంది. ఆ ఏర్పాటు ఆపేసి, నెలకొకసారి ఆరుబయట 20 నిమిషాలు ఉంచి చేత్తో సరిచేయండి. ఆ సమయంలో దాని మీదికి వంగవద్దు, మన ఊపిరిలో సీఓ2 40,000 పీపీఎం.

లోపల సెన్సార్ ఆకు ఎత్తులో, గ్యాస్ గొట్టానికి దూరంగా. కంట్రోలర్‌లో 850 దగ్గర తెరిచి 950 దగ్గర మూయండి. లైట్ల టైమర్, ఎగ్జాస్ట్ రిలే, తలుపు స్విచ్ మూడూ సోలనాయిడ్ లైన్‌లో వరసగా కలపండి. లైట్లు ఆరినా, ఎగ్జాస్ట్ తిరిగినా, తలుపు తెరిచినా గ్యాస్ ఆగిపోవాలి.

గుంటూరు_హైడ్రో

గొట్టం పైకప్పు దగ్గర పెట్టాలి కదా, సీఓ2 బరువు కాబట్టి మెల్లగా ఆకుల మీదికి దిగుతుంది?

రేణుక_వృక్షశాస్త్రం

గాలిలో బాగా కలిసిన సీఓ2 విడిగా కిందికి దిగదు. గొట్టం చివర ఏసీ గాలి వచ్చే చోట పెట్టండి, అదే గదంతా కలుపుతుంది. అరల మధ్య చిన్న ఫ్యాన్లు ఆకు మీద సెకనుకి 0.3 నుంచి 0.5 మీటర్ల గాలి నడిపితే చాలు.

ఆకుకూర_మేడ్చల్

అన్నీ పెట్టాం, ఎంత అడిగినా విసుక్కోకుండా చెప్పారు. 900 దగ్గర నిలుస్తోంది. పెరుగుదల స్పష్టంగా కనిపిస్తోంది. కానీ లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు గోధుమరంగుకి మారి మాడుతున్నాయి. కాల్షియం నైట్రేట్ పెంచనా?

రేణుక_వృక్షశాస్త్రం

పెంచవద్దు, ట్యాంకులో కాల్షియం సరిపడా ఉంది. అది ఆకుకి చేరడం లేదు. కాల్షియం నీటి ప్రవాహంతోనే కదులుతుంది, ఆకు ఎంత ఆవిరి వదిలితే అంత వస్తుంది. సీఓ2 పెరిగితే పత్రరంధ్రాలు కొంత మూసుకుంటాయి, ఆవిరి తగ్గుతుంది. అదే సమయంలో పెరుగుదల వేగం పెరిగి కొత్త ఆకుకి ఎక్కువ కాల్షియం కావాలి. గుండెలోని లేత ఆకు చుట్టూ గాలి ఆడక అక్కడే మొదట మాడుతుంది.

చేయాల్సినవి: ఫ్యాన్ పక్కనుంచి కాకుండా పైనుంచి నేరుగా మొక్క నడిమధ్యకి వీచేలా తిప్పండి, లెట్యూస్‌కి దీన్ని మించిన మందు లేదు. పగటి తేమ 65 నుంచి 75 శాతం మధ్య ఉంచండి. గది మూశాక మొక్కలు వదిలిన నీరంతా ఏసీయే లాగాలి, ఇన్వర్టర్ ఏసీ భారం తక్కువున్నప్పుడు నెమ్మదించి తేమ వదిలేస్తుంది. 80 దాటుతుంటే విడిగా డీహ్యూమిడిఫైయర్ కావాలి. ఈసీ 1.2కి దించండి. చివరి వారం సీఓ2 700 చాలు. పైన కాల్షియం స్ప్రే చేసినా మూసుకున్న గుండెలోకి చేరదు, బేసిల్ లాంటి విడి ఆకులకే పనికొస్తుంది.

కడప_క్యాప్సికం

మాది పాలీహౌస్, క్యాప్సికం. పక్క తెరలు తెరిచే ఉంటాయి. సిలిండర్ పెడితే ఫలితం ఉంటుందా?

రేణుక_వృక్షశాస్త్రం

తెరలు తెరిచి ఉంటే గ్యాస్ నిమిషాల్లో బయటికి పోతుంది, డబ్బు దండగ. మీ దగ్గర చూడాల్సింది చలికాలం ఉదయాలు. చలికి తెరలు మూసి ఉంచితే సూర్యుడు వచ్చిన గంట రెండు గంటల్లో లోపల సీఓ2 బయటికంటే బాగా తగ్గిపోతుంది. తెరలు కాస్త ముందే తెరిస్తే ఖర్చు లేకుండా సరిపోతుంది.

వరంగల్_టెర్రస్

ఇదే గదిలో తోటకూర, ఆర్కిడ్‌లు కూడా పెట్టొచ్చా?

రేణుక_వృక్షశాస్త్రం

తోటకూర సీ4 మొక్క. అది సీఓ2ని ముందే ఆకులోపల కూడబెట్టుకుని వాడుకుంటుంది, మామూలు గాలిలోనే దాదాపు పూర్తి వేగంతో పెరుగుతుంది. గంగవాయిలి కూరా అంతే. గ్యాస్ ఇచ్చే గదిలో ఆ అరలు పాలకూర, మెంతి, కొత్తిమీర, పుదీనాకి ఇవ్వండి, అవన్నీ సీ3, అంటే ఆ కూడబెట్టే ఏర్పాటు లేనివి.

ఆర్కిడ్‌లలో ఫెలనాప్సిస్ పత్రరంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి, సీఓ2 అప్పుడే లోపలికి తీసుకుంటుంది. లెట్యూస్ కోసం లైట్లతో కట్టిన టైమర్ దానికి పనికిరాదు. వేరే గది, టైమర్ తిరగేసి, లైట్లు ఆరిన తర్వాత ఇవ్వాలి. ఆ గదికి అలారం రాత్రంతా పనిచేయాలి, తలుపు బయట బోర్డు ఉండాలి, పొద్దున మొదట వెళ్ళేవాళ్ళు డిస్‌ప్లే చూశాకే తలుపు తీయాలి.